మా అమ్మాయికి మాట లేని వేషం ఇచ్చారు. నాటకం మాన్పించాలా?

తెనాలి_అమ్మ | మే 2, ఉదయం 10.20

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదకొండేళ్ళు, ఆరో తరగతి పూర్తయింది. మా వీధి చివర ఉన్న నాటక సమాజం వారు ఈ వేసవిలో పిల్లలతో లవకుశుల కథను సంగీత నాటకంగా ఆడిస్తామన్నారు. చేర్పించాను. సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు శిక్షణ, మే 31న ప్రదర్శన. ఆరు పద్యాలు, నాలుగు పాటలు, మిగిలినవి మాటలు. పిల్ల నలుగురిలో నోరు విప్పి మాట్లాడుతుందని నా ఆశ. ఇంటికి చుట్టాలు వస్తే తలుపు చాటుకు వెళ్ళిపోతుంది.

నిన్న వేషాలు పంచారు. మా అమ్మాయికి వాల్మీకి ఆశ్రమంలో మునిబాలిక వేషం ఇచ్చారు. ఒక్క మాట కూడా లేదు. మరో అయిదుగురితో కలిసి బృందగానం పాడాలి, మొక్కలకు నీళ్ళు పోయాలి, లవకుశులు పాడుతుంటే కూర్చుని వినాలి. అంతే. "దీనికోసం రోజూ రెండు గంటలు పంపాలా? బొమ్మలు వేయడం నేర్పిస్తే గోడకు తగిలించుకోవడానికి ఒక బొమ్మయినా మిగిలేది" అని మా అత్తగారు అన్నారు. మా వారు మాన్పించమంటున్నారు. పిల్లను అడిగితే "వెళ్తాను" అంటుంది, ఎందుకో చెప్పదు.

నాకే ఎటూ తేలడం లేదు. పిల్లల్ని నాటకాలకు పంపినవారు, చిన్నప్పుడు వేషాలు వేసినవారు చెప్పండి. ఇలాంటి వేషం వల్ల పిల్లకు వచ్చేది ఏమిటి?

కృష్ణలంక_నాన్న | మే 2, ఉదయం 11.05

మీ వారి మాటలో న్యాయం ఉందనిపిస్తోంది. ధైర్యంగా మాట్లాడటమే కావాలనుకుంటే వక్తృత్వ పోటీలకు పంపవచ్చు. అక్కడ పిల్ల అయిదు నిమిషాలు తానే మాట్లాడుతుంది. ఇక్కడ నెల రోజులు వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసినట్టు నటిస్తుంది. మా అబ్బాయి ఎనిమిదో తరగతికి వస్తున్నాడు, వాడి వేసవిలో ప్రతి గంటకూ లెక్క ఉంది. నాటకం చెడ్డదని నేను అనడం లేదు. ఇంత సమయం పెట్టినప్పుడు తిరిగి వచ్చేది ఏమిటో స్పష్టంగా తెలియాలి కదా?

పెట్టె_మాస్టారు | మే 2, మధ్యాహ్నం 2.40

అమ్మా, నేను ముప్పై ఏళ్ళకు పైగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. పిల్లల నాటకాలు కూడా చాలా చేశాను. మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నవాడికి వేదిక మొత్తం పక్క నుంచి కనిపిస్తుంది. మొదటి వారం పిల్లలందరూ ఒకేలా ఉంటారు. తమ మాటల కింద ఎర్ర గీత గీసుకుని ఆ గీత దగ్గరే ఉండిపోతారు. పక్కవాడు మాట్లాడుతుంటే పైకప్పు చూస్తారు, వేళ్ళు విరుచుకుంటారు. తమ వంతు రాగానే ఉలిక్కిపడి గబగబా అప్పగించేస్తారు. మూడో వారానికి ఎక్కడో ఒక మార్పు వస్తుంది. ఎదుటివాడు మాట మొదలుపెట్టగానే వీడి మెడ అటు తిరుగుతుంది. ఇక వీడికి వినడం వచ్చిందని నాకు అర్థమవుతుంది.

పద్యనాటకంలో వినకపోతే అడుగు ముందుకు పడదు. పద్యం ఎత్తుకునే ముందు నేను శ్రుతి ఇస్తాను. పిల్ల ముందు ఆ స్వరాన్ని చెవికి ఎక్కించుకోవాలి, తరువాతే నోరు తెరవాలి. పాడేవాడు చివరి పాదంలో రాగం తీస్తాడు. ఒక రోజు రెండు క్షణాలు తీస్తాడు, మరో రోజు ఊపు వచ్చి ఎనిమిది క్షణాలు తీస్తాడు. అది ముగిసేదాకా పక్కన నిలబడ్డ పిల్ల ముఖంలో భావం చెదరకూడదు, ముగిసిన మరుక్షణమే తన మాట అందుకోవాలి. ఇది గడియారం చూసి నేర్చుకునేది కాదు. ఎదుటి మనిషి ఊపిరిని బట్టి తెలుసుకోవాలి.

వక్తృత్వంలో ఈ పని ఉండదు. పోటీలో పిల్ల తాను కంఠస్థం చేసింది తాను చెప్పి దిగిపోతుంది. అదీ మంచిదే, కానీ రెండూ వేరు.

నేను ఎక్కువగా గమనించేది పాడని పిల్లలనే. మాట లేని వేషం వేసిన పిల్ల వేదిక మీద ఇరవై నిమిషాలు కూర్చుని నిజంగా వింటే, ప్రేక్షకులు కూడా వింటారు. ఆ పిల్ల ఆవులిస్తే హాలంతా ఆవులిస్తుంది. మునిబాలిక వేషం తక్కువదని పిల్లతో ఎవరూ అనకుండా చూసుకోండి.

మరొక మాట. బృందగానం ఏ శ్రుతిలో పెట్టారో కనుక్కోండి. పెద్దలకు అలవాటైన శ్రుతిలో పిల్లలను పాడిస్తే కింది స్వరాలు అందవు, అందని చోట అరుస్తారు. పిల్లల గొంతును బట్టి పెట్టె మార్చుకోవాలి కానీ పెట్టెను బట్టి గొంతు మారదు.

తెరచాటు | మే 2, రాత్రి 9.15

మాస్టారు చెప్పిన ప్రతి మాటా నిజం. నేను పుట్టింది సురభి కుటుంబంలో. ఇప్పుడు హైదరాబాదులో వేరే ఉద్యోగం చేస్తున్నాను కానీ పన్నెండేళ్ళు వచ్చేదాకా నా ఇల్లు నాటకశాలే.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం మొదలుపెట్టిన సంప్రదాయం ఇది. ఆ ఊరి పేరే సమాజాల పేరయింది. కుటుంబమంతా కలిసి నాటకాలు ఆడుతుంది. మిగతా సమాజాలలో ఆడవేషాలు మగవారే వేస్తున్న కాలంలో సురభిలో ఆడవేషాలు ఆడవారే వేశారు. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

మా ఇళ్ళలో పసిబిడ్డ చిన్నికృష్ణుడిగా వేదిక ఎక్కుతుంది. నడక వచ్చాక గోపబాలుడు, మాట వచ్చాక ప్రహ్లాదుడో లవుడో కుశుడో. కూర్చోబెట్టి నేర్పే గురువు అంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు. వేదిక పక్క తెర (వింగు) దగ్గర చాప వేసి పడుకోబెడితే నిద్రలో కూడా పద్యాలు చెవిన పడతాయి. ఒక రోజు అన్నకు జ్వరం వస్తే "నువ్వు వెళ్ళు" అంటారు. వెళ్తాం. పద్యం వచ్చేస్తుంది. నేర్చుకున్నట్టే గుర్తుండదు.

నాకు వచ్చినవాటిలో పెద్దది వేదిక మీద రాలేదు, తెర వెనుక వచ్చింది. మా నాటకాలలో బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, ఆకాశం నుంచి మనుషులు దిగుతారు. వాటి వెనుక తీగలు లాగేది చిన్నాన్నలు, అత్తలు, మాలాంటి పిల్లలు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక తీగ నా చేతిలో పెట్టారు. నాన్న పద్యంలో ఫలానా పదం దగ్గర వదలాలి. ముందు వదిలితే బాణం ఒంటరిగా వెళ్ళిపోతుంది, ఆలస్యమైతే అవతలి బాణం నాన్న వైపు వస్తుంది. నేను ప్రేక్షకులకు కనిపించను, చప్పట్లు నాన్నకే. ఆ రాత్రి తీగ సరిగ్గా వదిలాక మా అత్త వెనుక నుంచి నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది. ఈ రోజు ఆఫీసులో నా పేరు కనిపించని పనిని కూడా నేను అంతే శ్రద్ధగా చేయగలుగుతున్నానంటే ఆ తీగ నేర్పినదే.

అయితే నాణేనికి మరో వైపు కూడా చెప్పాలి. క్యాంపు, అంటే మా నాటకాల మకాం, మారినప్పుడల్లా మా బడి మారేది. ఒక ఊళ్ళో భిన్నాలు మొదలయ్యేటప్పటికి మరో ఊరు. లెక్కలలో ఆ ఖాళీలు పూడ్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మాకు "నాటకం ఆడతావా?" అని అడిగినవారు లేరు. మీ అమ్మాయి "వెళ్తాను" అంది కదా, ఆ మాటకు విలువ ఇవ్వండి.

కృష్ణలంక_నాన్న | మే 2, రాత్రి 10.30

తెరచాటు గారూ, మీ చివరి పేరా నిజాయితీగా రాశారు, ధన్యవాదాలు. నా భయం సరిగ్గా అదే. వినడం, కాచుకోవడం గొప్ప గుణాలే, ఒప్పుకుంటాను. కానీ అవి నాటకం వల్లే వచ్చాయా, లేక అలాంటి ఇంట్లో పెరిగినందుకు వచ్చాయా? ఎవరైనా కొలిచి చూశారా?

బడి_పాఠం | మే 3, ఉదయం 7.50

కొలిచినవారు ఉన్నారు. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. కెనడాలోని టొరంటోలో గ్లెన్ షెలెన్‌బర్గ్ అనే పరిశోధకుడు 144 మంది ఆరేళ్ళ పిల్లలను నాలుగు గుంపులుగా, చీటీలు వేసినట్టు ఏ ఎంపికా లేకుండా విభజించారు. ఒక గుంపుకు కీబోర్డు, ఒక గుంపుకు గాత్రం, ఒక గుంపుకు నాటకం ఏడాదిపాటు నేర్పించారు. నాలుగో గుంపుకు ఆ ఏడాది ఏమీ నేర్పలేదు. 2004లో ఫలితాలు ప్రచురించారు. బడిలో చేరిన ఏడాది కాబట్టి తెలివితేటల పరీక్షలో నాలుగు గుంపులూ పెరిగాయి. సంగీతం నేర్చిన రెండు గుంపులు మిగతావారికంటే కొద్దిగా ఎక్కువ పెరిగాయి. నాటకం నేర్చిన గుంపులో మాత్రం మరొకటి కనిపించింది. నలుగురితో కలిసి మెలిగే తీరు మెరుగుపడింది. సంగీతం గుంపులలో ఆ మార్పు లేదు.

దీన్ని పట్టుకుని "నాటకానికి పంపితే మార్కులు పెరుగుతాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పరిశోధన అలా చెప్పలేదు. సంగీతం గుంపులలో వచ్చిన తేడా కూడా చిన్నదే. పైగా అక్కడ నాటకం, సంగీతం వేరువేరుగా నేర్పారు. మన పద్యనాటకంలో రెండూ ఒకే పిల్ల ఒంట్లో ఒకేసారి జరుగుతాయి. కృష్ణలంక నాన్నగారు అడిగినది సరైన ప్రశ్న కాబట్టి తెలిసినంత రాశాను.

తెలుగు_పంతులమ్మ | మే 3, ఉదయం 9.30

మాది నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. అయిదేళ్ళుగా వార్షికోత్సవానికి పాటలు, పద్యాలతో ఒక నాటిక వేయిస్తున్నాను. నా అనుభవం చెబుతాను.

పాఠ్యపుస్తకంలో పద్యం ఉంటే పిల్లలు కంఠస్థం చేసి అప్పజెబుతారు. అర్థం అడిగితే అదీ కంఠస్థమే. నాటకంలో అలా కుదరదు. ఒక అబ్బాయి "రాముడాతడు" అన్న మాటను "రాము... డాతడు" అని విరిచి పాడుతూ వచ్చాడు. మూడు రోజులు చూసి, "డాతడు అంటే ఎవరురా?" అని అడిగాను. వాడు ఆలోచించి "రాముడి తమ్ముడా టీచర్?" అన్నాడు. రాముడు, ఆతడు అని విడదీసి చూపించగానే వాడి కళ్ళు వెలిగాయి. ఆ రోజు నుంచి ప్రతి పాదాన్నీ తానే విడదీసుకుని వచ్చి నాకు చూపించేవాడు. ఉత్వసంధి గురించి నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా రానిది, ఊపిరి ఎక్కడ ఆపాలో తెలుసుకోవలసి వచ్చేసరికి వచ్చింది. సీస పద్యమైతే మరీను. పాదం పొడవు, మధ్యలో విరుపు, చివర తేటగీతో ఆటవెలదో ఉంటుంది. ఊపిరిని ముందే లెక్క వేసుకోకపోతే పిల్లవాడు మూడో పాదంలో చిక్కుకుపోతాడు.

ఇంకొక పిల్లవాడి సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంటిపని ఏనాడూ చేసుకురాని పిల్లవాడు. వేషం వద్దన్నాడు. సరే, సామాను చూసుకోమన్నాను. మరునాడు లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో చీటీ రాసుకొచ్చాడు. "కమండలాలు 2, విల్లులు 2, బాణాలు 6, దర్భచాప 1, అట్ట గుర్రం తల 1, పూలసజ్జ 3." పక్కన రెండు గడులు గీశాడు, ఒకటి లోపలికి వెళ్ళాక టిక్కు పెట్టడానికి, ఒకటి బయటికి వచ్చాక. ఆ రెండో గడి పెట్టమని వాడికి ఎవరూ చెప్పలేదు. ప్రదర్శన అయ్యాక ఒక బాణం తగ్గితే చీకట్లో ఫోను దీపంతో వెతికి తెచ్చి, టిక్కు పెట్టి, అప్పుడు ఇంటికి వెళ్ళాడు.

తెనాలి అమ్మగారూ, మాట లేని వేషం అంటే పని లేని వేషం కాదండి. పంపండి.

వేషం_వేసిన_పిల్ల | మే 3, మధ్యాహ్నం 1.10

అందరూ మంచి వైపే చెబుతున్నారు కాబట్టి నా అనుభవం కూడా రాస్తాను. నాకిప్పుడు పంతొమ్మిది. పదేళ్ళప్పుడు ఒక పిల్లల సంగీత నాటకంలో ముఖ్యమైన వేషం వేశాను. నేర్పించేవారు కోపిష్ఠి. రాగం తప్పితే అందరి ముందూ "నీకంటే గోడ నయం" అనేవారు. ప్రదర్శన బాగా జరిగింది, బహుమతి కూడా వచ్చింది. కానీ ఆ తరువాత నాలుగేళ్ళు నేను ఎవరి ముందూ పాడలేదు. స్నానాల గదిలో కూడా పాడలేదు.

అందువల్ల నాటకం అనగానే ధైర్యం వస్తుందని అనుకోకండి, దయచేసి. ఒకసారి అభ్యాసానికి వెళ్ళి వెనుక కూర్చోండి. పిల్ల తప్పు పాడినప్పుడు పెద్దవారి ముఖం చూడండి. "మళ్ళీ" అని మాత్రమే అంటే మంచి చోటు. పిల్లలు ఒకరి తప్పుకు ఒకరు నవ్వుతుంటే, దాన్ని పెద్దవారు ఆపకపోతే, వెంటనే తీసుకొచ్చేయండి. వేషం ఎంత పెద్దదైనా సరే.

కాలేజీలో ఒక స్నేహితురాలు బలవంతంగా బృందగానంలో నిలబెట్టింది. పది గొంతుల మధ్య నా గొంతు దాక్కుంది. దాక్కుని, మెల్లగా బయటికి వచ్చింది. మీ అమ్మాయికి తొలిసారే బృందగానం దొరకడం నాకైతే అదృష్టంగా కనిపిస్తోంది.

పెట్టె_మాస్టారు | మే 3, సాయంత్రం 4.00

తల్లీ, చదివి మనసు కలుక్కుమంది. అలాంటివారిని నేనూ చూశాను. అప్పుడు నోరు తెరిచి అడ్డు చెప్పవలసింది, కొన్నిసార్లు చెప్పలేదు. అది నా తప్పే. నువ్వు మళ్ళీ పాడుతున్నందుకు చాలా సంతోషం.

మాట_వైద్యురాలు | మే 3, సాయంత్రం 6.20

నేను మాట, గొంతు సమస్యలు ఉన్న పిల్లలతో పనిచేస్తాను. రెండు విషయాలు.

నత్తి ఉన్న పిల్లలలో చాలామంది పాడేటప్పుడు నత్తి లేకుండా పాడతారు. తెలిసిన వరుస, తాళం, సాగే అచ్చులు తోడుంటాయి. దాన్ని చూసి కొందరు తల్లిదండ్రులు "పద్యాలు నేర్పిస్తే నత్తి పోతుంది" అనుకుని వస్తారు. పాట ముగిసి మామూలు మాటలోకి రాగానే నత్తి తిరిగి రావచ్చు. నాటకాన్ని వైద్యంగా పంపకండి. కానీ నోరు తెరిస్తే అందరూ వింటారనే అనుభవం ఆ పిల్లలకు ఎంత అవసరమో నేను రోజూ చూస్తున్నాను, ఆ కారణంతో పంపండి.

రెండోది గొంతు. అభ్యాసం మధ్యలో మంచినీళ్ళు తాగించండి. అరిచి పాడనివ్వకండి. జలుబు, గొంతునొప్పి ఉన్న రోజు కూర్చుని వింటే చాలు. బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి. పన్నెండు, పదమూడేళ్ళ మగపిల్లలకు గొంతు మారే సమయంలో పాత శ్రుతిలోనే పాడమని పట్టుబట్టకూడదు.

డాలస్_పిన్ని | మే 4, ఉదయం 6.45

ఇక్కడి సంగతి కొంచెం. అమెరికా బడులలో సంగీత నాటకం ఎంత మామూలు విషయమంటే, పిల్లల గొంతుకూ వయసుకూ తగినట్టు పెద్ద నాటకాలను గంటలో ముగిసేలా కుదించిన ప్రతులు దొరుకుతాయి. మా అబ్బాయి వాళ్ళ బడిలో నటించినవారి పేర్లతో పాటు దీపాలు, తెరలు, దుస్తులు చూసిన పిల్లల పేర్లు కూడా కార్యక్రమ పత్రంలో అచ్చువేస్తారు. ఇది మన దగ్గరా చేయవచ్చు, ఖర్చు ఒక్క పేజీ.

కానీ నేను చెప్పాలనుకున్నది మా వారాంతపు తెలుగు తరగతి గురించి. అక్కడ మేము పిల్లలతో పద్యాలున్న ఒక చిన్న నాటకం వేయించాం. పిల్లలు పద్యాలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుని నేర్చుకునేవారు. ఆ అక్షరాలలో "కల"కూ "కళ"కూ తేడా లేదు. పాడుతున్నప్పుడు మాత్రం ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ ప్రతి ళకారాన్నీ పట్టుకునేది. ఒక రోజు పదేళ్ళ పిల్ల వచ్చి, "అమ్మమ్మా, తెలుగు అక్షరాలలోనే రాసివ్వండి, అప్పుడు తప్పు రాదు" అంది. రెండేళ్ళుగా మేము బతిమాలుతున్నదాన్ని పిల్లే అడిగింది. మా అమ్మ ఆ రాత్రి కూర్చుని పన్నెండు మందికీ పెద్ద అక్షరాలతో చేత్తో రాసింది.

పాత_పుస్తకం | మే 4, ఉదయం 8.30

చిన్న చేర్పు. పిల్లలతో నాటకం ఆడించడం మనకు కొత్త కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళాక, కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థులతోనే తెలుగు నాటకాలు ఆడించారు. ఆధునిక తెలుగు నాటకరంగం తొలి అడుగులలో బడిపిల్లల అడుగులు ఉన్నాయి. తరువాత బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పాటలకు పెద్దపీట వేశారు. ఇక తెనాలి సంగతి చెప్పేదేముంది, స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు నటించిన ఊరు.

మరొకటి, వారు ఎంచుకున్న కథ చూడండి. లవకుశులు వాల్మీకి దగ్గర రామాయణం నేర్చుకుని సభలో పాడిన పిల్లలు. వారు పాడితే రాజే కూర్చుని విన్నాడు. పిల్లలు పాడటం, పెద్దలు వినడం, ఆ కథంతా అదే.

కృష్ణలంక_నాన్న | మే 4, రాత్రి 9.50

అన్నీ చదివాను. మా అబ్బాయి వేసవి లెక్క మార్చే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. కానీ ఒక విషయం రాయాలి. పంతులమ్మగారు రాసిన సామాను చీటీ సంగతి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా వాడు తినడం ఆపి, "నాన్నా, రెండో గడి ఎందుకు పెట్టాడో నాకు తెలుసు. లోపలికి వెళ్ళినవన్నీ బయటికి రావు కదా" అన్నాడు. వాడు నాతో చదువు గురించి కాకుండా మాట్లాడి చాలా రోజులయింది. ఆ తరువాత కూడా కాసేపు మాట్లాడుకున్నాం.

తెనాలి_అమ్మ | మే 9, రాత్రి 8.40

మాన్పించలేదు. వేషం వేసిన పిల్ల చెప్పినట్టు నిన్న వెళ్ళి వెనుక బెంచీ మీద కూర్చున్నాను. కుశుడి వేషం వేసే అబ్బాయి రెండో పద్యం మూడుసార్లు తప్పాడు. నేర్పించే ఆయన మూడుసార్లూ "మళ్ళీ" అన్నారు, అంతే. ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి పెదవులు వాడితో పాటు కదులుతున్నాయి. వాడి పద్యం దీనికి వచ్చు! ఇంటికి వచ్చాక అడిగితే "అందరివీ వచ్చు" అంది. "మరి నీకు మాటలున్న వేషం కావాలనిపించదా?" అన్నాను. "వచ్చే ఏడు" అంది. మా అత్తగారు విన్నారు, ఏమీ అనలేదు.

శ్రుతి సంగతి కూడా కనుక్కున్నాను మాస్టారూ. పిల్లల కోసం పైకి జరిపి పెట్టారట.

పెట్టె_మాస్టారు | మే 9, రాత్రి 9.30

శుభం. ముఖానికి రంగు వేసేముందు ఒక రోజు ముంజేతి మీద కొంచెం రాసి చూడండి. పిల్లల చర్మం సున్నితం.

తెనాలి_అమ్మ | జూన్ 1, ఉదయం 11.15

నిన్న ప్రదర్శన జరిగింది. మీ అందరికీ చెప్పాలని పొద్దున్నే కూర్చున్నాను.

మూడో రంగంలో ఆశ్రమం. ఆరుగురు మునిబాలికలు ప్రార్థన గీతం పాడుతుంటే చివర లవకుశులు రావాలి. పాట అయిపోయింది, వారు రాలేదు. లవుడి విల్లు తాడు తెగిందని తరువాత తెలిసింది. నేను మూడో వరుసలో ఉన్నాను, నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. వేదిక మీద ఆరుగురు పిల్లలు, ఎదురుగా మూడు వందల మంది. మాట్లాడటానికి ఒక్కరికీ మాట లేదు.

హార్మోనియం ఆగలేదు. వాయించే ఆయన చివరి స్వరాన్ని పట్టుకుని అలాగే ఉంచారు. మా అమ్మాయి మొక్క దగ్గర వంగి ఉంది. తల ఎత్తి ఆయన వైపు చూసింది. చూసి, చెంబు కింద పెట్టకుండానే పల్లవి మళ్ళీ ఎత్తుకుంది. ఒక్క గొంతు, సన్నగా. రెండో మాటకల్లా మిగతా అయిదుగురూ కలిశారు, తబలా కలిసింది. రెండు పల్లవులు, ఒక చరణం పాడేసరికి లవకుశులు వచ్చేశారు. హాలులో ఎవరికీ ఏమీ తెలియలేదు. నా పక్కన కూర్చున్నావిడ "పాట బాగుంది, రెండుసార్లు పెట్టారు" అన్నారు.

రాత్రి రంగు తుడుస్తూ "భయం వేయలేదా?" అని అడిగాను. "హార్మోనియం ఆపలేదు కదమ్మా. అంటే ఇంకా అయిపోలేదని" అంది. మా వారు పక్కనే నిలబడి ఉన్నారు. దూది, కొబ్బరినూనె నా చేతిలోంచి తీసుకుని మిగతా రంగు తనే తుడిచారు.

పొద్దున చుట్టాలు వచ్చారు. మా అమ్మాయి మామూలుగానే తలుపు చాటుకు వెళ్ళింది. అయితే వారు నాటకం గురించి అడిగేసరికి అక్కడి నుంచే జవాబు చెప్పింది. నాకు అది చాలు.

ఇప్పుడొక సాయం కావాలి. మునిబాలికల చీర సోమవారానికి ఉతికి తిరిగి ఇవ్వాలి. కాషాయం రంగు నూలుచీర, కొంగు మీద ముఖం రంగు అంటుకుంది. నీళ్ళలో పెడితే చీర రంగు దిగుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

తెరచాటు | జూన్ 1, ఉదయం 11.40

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

చీర మొత్తం నానబెట్టకండి. ముఖం రంగులో నూనె ఉంటుంది కాబట్టి ముందు మరక మీద పొడి శనగపిండి చల్లి అరగంట ఉంచి దులపండి. తరువాత మరక ఉన్నచోట మాత్రం కుంకుడు రసం రాసి వేళ్ళతో మెల్లగా రుద్ది చల్లటి నీళ్ళతో కడగండి. ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి రంగు దిగుతుందేమో చూసుకోండి. నీడలో, తిరగేసి ఆరేయండి. మా అమ్మ మా అందరి చీరలకూ అలాగే చేసేది.